చెయ్యెత్తిన చోటల్లా ఆగే రేసు కారు

రేసు మధ్యలో కారు ఆపి, ఎడమ పక్క తలుపు తీసి, "యాడికి వోతవన్నా?" అని అడిగిన డ్రైవర్ ఈ దేశంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ మాట ఎవరు ఎత్తినా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తప్పు నాది కాదు. అచ్చంగా మా మేనమామది.

మామ కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య జీపు నడిపేవాడు. దారి పొడవునా మనుషుల్ని ఎక్కించుకుంటూ దింపుకుంటూ పోయే జీపు. లోపల కూర్చున్నాక ఎవరి మోకాలు ఎవరిదో దిగేదాకా తెలిసేది కాదు. నడుము నొప్పి ముదిరాక జీపు అమ్మేసి పాత తెల్ల మారుతి ఒకటి కొన్నాడు. కానీ జీపు మీద మమకారం చావక, దాని ప్రెషర్ హారన్ విప్పి తెచ్చి ఈ చిన్న కారుకు బిగించాడు. అది మోగితే ముందు పోయేవాళ్లు లారీ వస్తోందని గబుక్కున పక్కకు జరిగి, తర్వాత వెనక్కి తిరిగి లారీ ఏదా అని వెతుక్కునేవారు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆ కారు మీదే నాకు డ్రైవింగ్ నేర్పాడు. ఎండాకాలంలో పోచారం ప్రాజెక్టు నీళ్లు వెనక్కి పోయాక, నాగిరెడ్డిపేట వైపు గట్టి నేల చాలా తేలేది. అక్కడ గేదెలు తప్ప ఎవరూ ఉండరు. మామ పక్క సీట్లో కూర్చుని కుడి చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద వేసేవాడు. మళ్లీ ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి అక్కడి నుంచి కదిలేది కాదు. నేను గేరు మార్చినప్పుడల్లా ఆయన వేళ్లు బిగుసుకోవడం ఓరకంట చూసి నాకు కోపం వచ్చేది. కోపం వస్తే యాక్సిలేటర్ తొక్కేదాన్ని. ఆయన వేళ్లు ఇంకా బిగుసుకునేవి.

"ఎనుకోడు హారన్ గొడితే సైడియ్యాలె బిడ్డా. చెయ్యెత్తినోని కాడ ఆపాలె. గీ రెండు తెల్వనోడు డ్రైవరే గాదు," అనేవాడు. ఆయన పాఠమంతా ఇదే. క్లచ్చి, బ్రేకు లాంటివి ఆ తర్వాత. సైడివ్వడంలో కూడా పద్ధతి ఉండేది. ఎడమ ఇండికేటర్ వెయ్యాలి, బండి ఎడమకు జరపాలి, కుడి చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి "పో అన్నా, పో" అన్నట్టు మర్యాదగా ఊపాలి. గేదెలు వెనకాల నిలబడి అరిచినా నేను సైడిచ్చేదాన్ని. అంతగా ఒంటపట్టింది.

కానీ ఒక్కదాన్నే నడపడానికి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. తాళాన్ని మొలతాడుకు కట్టుకు తిరిగేవాడు. బండి తియ్యాలంటే అటు తిరిగి, ముడి విప్పి, ఇచ్చేవాడు. దిగగానే చెయ్యి చాపి మళ్లీ తీసుకునేవాడు. ఊరందరినీ నమ్మి జీపులో ఎక్కించుకున్న మనిషి నన్ను నమ్మడేమని నాకు లోపల ఉడికిపోయేది.

రెండు వేల పన్నెండు వేసవిలో, ఆఖరి పరీక్ష రాసి వస్తుంటే, కామారెడ్డి బస్టాండు గోడ మీద ఒక కాగితం కనిపించింది. కార్ల సరదా ఉన్న హైదరాబాద్ వాళ్లెవరో ఎల్లారెడ్డి బయట బీడు భూమిలో మట్టి ట్రాకు గీసి పోటీ పెడుతున్నారట. "ఇంటి కారుతో ఎవరైనా పాల్గొనవచ్చు" అని ఉంది. నేను ఆ "ఎవరైనా" దగ్గరే ఆగిపోయాను.

ఇంటికి పోయి చెబితే అమ్మ బీడీలు చుడుతున్న చాటలోంచి తలెత్తకుండానే, "ఎండకు తిరిగొచ్చినవ్, జరంత మజ్జిగ తాగు," అంది.

మామ మాత్రం నవ్వాడు. "ఎవలన్న అంటే మొగోళ్లల్ల ఎవలన్న అని."

"గట్ల రాసిలేదు మామా. నువ్వే రాసినవా ఏంది?"

మూడు పూటలు అన్నం మీద అలిగాను. నాలుగో పూట ఆకలికి ఆగలేక తిన్నాను గానీ, ఎడమొహం పెట్టుకుని తిన్నాను. చివరికి మామే దిగొచ్చాడు. "సరే పో. ఆఖరుకు రావద్దు. బండి మీద గీత వడద్దు. గీ రెండయితే తాళం నీది. లేకుంటె ఇగ నా ముంగట స్టీరింగ్ మాటెత్తద్దు."

"ఒట్టు?"

"ఒట్టు తియ్."

పోటీ నాడు ఎల్లారెడ్డి బీడులో తిరునాళ్లలా జనం. పాత టైర్లు పేర్చి, సున్నంతో గీతలు గీసి, మెలికలు మెలికలుగా ట్రాకు చేశారు. ముందు తనిఖీ. కారులో ఊడిపడే సామాను ఏదీ ఉండకూడదన్నారు. టోపీ పెట్టుకున్న ఒకాయన సీట్ల కిందికి చెయ్యి పెట్టి గొడుగు తీశాడు, ఎండుమిరపకాయల సంచి తీశాడు, మా అత్త ఏడాదిగా వెతుకుతున్న ఎడమకాలి చెప్పు తీశాడు. చుట్టూ జనం ఒక్కో వస్తువుకూ ఈలలు వేశారు. మామ మాత్రం చెప్పును చూసి, "గిది దొరికిందని మీ అత్తకు చెప్పకు, రేస్ల సంగతి తెలుస్తది," అన్నాడు నా చెవిలో. నా జడ హెల్మెట్‌లో పట్టలేదు. ముడి చుట్టి కుక్కితే హెల్మెట్ మీదికి లేచి నిలబడింది.

ఒక్కో ఆటలో నాలుగు కార్లు. ఒక్కొక్కరికి రెండు ఆటలు, అందులో బాగా వచ్చినదే లెక్క. నాతోపాటు హైదరాబాద్ నుంచి వచ్చిన ఎర్రకారు అబ్బాయి, మా కామారెడ్డి పక్క రాజంపేట నుంచి నీలం కారులో పెద్ద మీసాలాయన, ఎల్లారెడ్డిలోనే విత్తనాలమ్మే ఇంకొకాయన.

జెండా ఊపగానే దూకాను. మొదటి మలుపులో నేను రెండో స్థానం! ముందు ఎర్రకారు, వెనక ఇద్దరు. తాళం నాదే అనుకుంటున్నాను. అప్పుడు వెనక నుంచి మీసాలాయన హారన్ కొట్టాడు.

దేవుడి మీద ఒట్టు, నేనేం చెయ్యలేదు. నా చేతులే చేశాయి. ఎడమ ఇండికేటర్ పడింది. బండి ఎడమకు జరిగింది. కుడి చెయ్యి కిటికీలోంచి బయటికి పోయి "పో అన్నా, పో" అని ఊగింది. మీసాలాయన దూసుకుపోతూ నాకు చెయ్యెత్తి దండం కూడా పెట్టాడు. ఆ దుమ్ము అణగకముందే విత్తనాలాయన హారన్ కొట్టాడు. ఆయనకూ ఇచ్చాను. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

నా మీద నాకే చిర్రెత్తి ఇంకా గట్టిగా తొక్కాను. తర్వాతి మలుపు దగ్గర పసుపు జెండా పట్టుకున్న ఒకతను చెయ్యెత్తాడు. అంతే. బ్రేకు వేశాను, వంగి ఎడమ తలుపు తీశాను, అడగాల్సిన మాట అడిగాను.

అతను నోరు తెరిచాడు. "మేడం! ముందు ఒక కారు అడ్డంగా తిరిగింది. నెమ్మదిగా పొమ్మంటున్నా! నేనెక్కడికి పోతాను మేడం, ఇది గుండ్రంగా ఉంది కదా!"

ఆఖరున వచ్చాను. నా కన్నా వెనక దుమ్ము తప్ప ఏమీ లేదు. కారు దిగేసరికి మామ సున్నం గీత అవతల భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ మర్యాదల మంటవెట్ట! రేసుల సైడిచ్చుడేంది మామా? చూసినవా, నీ పాఠం ఎట్ల ముంచిందో!"

"నేను రోడ్డుకు నేర్పిన బిడ్డా, గీ బీడుకు గాదు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. నవ్వు ఆగాక నా మొహం చూశాడు. నాకు ఏడుపొస్తోంది, దాన్ని కోపంలా కనబడేలా చెయ్యడానికి తంటాలు పడుతున్నాను. ఆయన తువ్వాలు తీసి నా చేతికిచ్చి పక్కకు తిరిగాడు.

ముక్కు తుడుచుకుంటూ చూస్తే, పక్కనే మీసాలాయన తన నీలం కారును రోడ్డు వైపు తీస్తున్నాడు, నీళ్ల సీసాలు తెచ్చుకోవడానికి. వెనక ఎవరో మోటార్ సైకిల్ మీద హారన్ కొట్టారు. ఆయన ఎడమ ఇండికేటర్ వేసి, చెయ్యి బయటపెట్టి ఊపాడు.

ఓహో, అనుకున్నాను.

టోపీ ఆయన దగ్గరికి పోయి వినయంగా అడిగాను. "సార్, హారన్ గురించి ఏమైనా రూల్ ఉందా?"

"హారనా? రేసులో హారన్‌తో ఏం పని?" అన్నాడాయన. పట్నం మనిషి, పాపం.

రెండో ఆటలో కావాలనే వెనక ఉన్నాను. విత్తనాలాయన వెనక అతుక్కుని మామ జీపు హారన్ మీద బొటనవేలు పెట్టి నొక్కాను. బీడంతా దద్దరిల్లింది. ఆయన ఇండికేటర్ వేసి, ఎడమకు జరిగి, చెయ్యి ఊపాడు. నేను దండం పెట్టి దాటాను. తర్వాత మీసాలాయన. ఆయన చెయ్యి ఊపడమే కాదు, అద్దంలో లారీ కనబడక మెడ తిప్పి వెతికాడు కూడా. ఎర్రకారు అబ్బాయి దగ్గర మాత్రం ఎంత మోగించినా లాభం లేకపోయింది. మన మర్యాద అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆఖరి చుట్టు. నేను రెండో స్థానం. మీసాలాయనకు తత్వం బోధపడింది. వెనక నుంచి ఒకటే హారన్, తిట్టినట్టు. నా చెయ్యి ఇండికేటర్ మీదికి పోయింది. సున్నం గీత దగ్గర మామ తువ్వాలు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. హెల్మెట్‌లో వినబడలేదు, నోరు మాత్రం కనిపించింది. "సైడి..." అంటున్నాడు. ఇంకేముంటుంది, ఎప్పుడూ చెప్పేదే! జన్మలో మొదటిసారి మామ మాట వినకూడదనుకున్నాను. ఇండికేటర్ మీంచి చెయ్యి తీసి స్టీరింగ్‌ను రెండు చేతులా పట్టుకున్నాను. పక్కన బర్రున రాసుకున్న శబ్దం. అయినా జరగలేదు. గీత దాటాను, రెండోదాన్నే.

దిగి చూస్తే వెనక తలుపు పొడవునా గీత. అందులో నీలం రంగు కూడా అంటుకుంది. నా సంతోషం అక్కడే చల్లబడింది. ఆఖరుకు రావద్దన్నాడు, రాలేదు. గీత పడొద్దన్నాడు, పడింది.

మామ వచ్చి గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరి దాకా జరిపాడు. తువ్వాలు తడిపి రుద్దాడు. నీలం పోయింది, గీత పోలేదు.

"గిది పాతదే," అన్నాడు.

మీసాలాయన నిజాయితీపరుడు. "లేదే, ఇప్పుడు నా బండే తాకింది..."

"నువ్వు ఊకోవయ్యా. నా బండి నాకు తెల్వదా? పాతదే."

నేను కళ్లెత్తి ఆయన్ని చూడలేకపోయాను. కారు వైపు చూస్తూనే అన్నాను. "సైడియ్యమని గంతగనం మొత్తుకున్నవ్, నేనియ్యలే."

"సైడియ్యకూ అని మొత్తుకున్న, చెవిటిదానా!"

అలవాటు కొద్దీ తాళం చాపాను. ఆయన చెయ్యి చాపలేదు. ముందు తలుపు దాటిపోయి, గీత పడిన వెనక తలుపు తీసి, అత్త చెప్పు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. స్టీరింగ్ ముందు కూర్చుని, ముందుకొస్తాడేమోనని చూశాను. రాలేదు. హ్యాండ్ బ్రేకు మీద ఎవరి చెయ్యీ లేదు. నేనే దించాను.

"యాడికి వోవాలె అన్నా?" అని అడిగాను, గొంతు సరిచేసుకుని.

"కామారెడ్డి," అన్నాడు వెనక నుంచి, టికెట్ కొన్న మనిషిలా కాళ్లు చాపుకుని. "జర జల్ది నడువు. చెయ్యెత్తినోళ్లందరి కాడ ఆపకు."