చలిపొద్దున రొప్పు

ఎండాకాలం మా గోదావరిఖనిలో రొప్పని కుక్క ఉండదు. కానీ మా ముసలిది రొప్పడం మొదలుపెట్టింది చలికాలంలో. బయట మంచు కురుస్తుంటే, చల్లటి గచ్చు మీద పడుకుని, ఎక్కడినుంచో పరుగెత్తి వచ్చినట్టు నాలుక వేలాడేసింది. నీళ్లు పెడితే తాగలేదు. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటుంది, కూర్చుంటే అలసిపోయి మళ్లీ ఒరుగుతుంది.

అది మా ఇంటికి వచ్చేనాటికి నా బిడ్డ పలక పట్టుకుని బడికి పోయేది. ఇప్పుడు ఆ పిల్లకు పెళ్లయింది. మా ఆయన గనికి ఏ షిఫ్టుకు వెళ్లినా వీధి చివరిదాకా సాగనంపి వచ్చే కుక్క, ఆ వారం వాకిలి దాటలేదు.

"ముసల్దయింది గదనే, దమ్ము రాదా?" అన్నాడు మా ఆయన డ్యూటీకి బయల్దేరుతూ.

"ఉరికితే వస్తది. పండుకున్నదానికి ఎందుకొస్తది?" అన్నాను.

అతను దాని తల నిమిరి వెళ్లిపోయాడు.

పశువుల దవాఖాన దగ్గరేం కాదు. కుక్క అనగానే ఆటోవాళ్లు ముఖం తిప్పుకున్నారు. నడిపిద్దామంటే నాలుగడుగులకే కూలబడింది. మా వీధికి కూరగాయలు తెచ్చే అక్కను తోపుడుబండి అడిగాను. ఆమె మిగిలిన టమాటాలు మా అరుగు మీద దించి, బండి మీద గోనెసంచి పరిచి ఇచ్చింది. బొగ్గు లారీల పక్కనుంచి, మెయిన్ రోడ్డు మీద, దాన్ని పడుకోబెట్టిన బండిని తోసుకుంటూ వెళ్లాను. నవ్వినవాళ్లు నవ్వారు. ఎవరో ఫోను తీసి ఫొటో పట్టారు. నేను ముందుకే చూశాను.

డాక్టరు దాని ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. చిగుళ్లు చూశాడు. దగ్గుతోందా అని అడిగితే అవునన్నాను. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. నీరు లాగే సూది వేసి, సాయంత్రందాకా అక్కడే ఉంచుకున్నాడు.

"వయసుకు రొప్పు రాదమ్మా, రోగానికొస్తది. ఇంకా ఆగుంటే దక్కకపోయేది," అన్నాడు.

జబ్బు పూర్తిగా పోయేది కాదు, బతికినన్నాళ్లూ మాత్రలు వేయాలన్నాడు. నిద్రలో డొక్కలు ఎంత వేగంగా ఎగిసిపడుతున్నాయో గమనించమన్నాడు. చల్లటిపూట రొప్పినా, చిగుళ్లు పాలిపోయినా, నీలంగా మారినా, అప్పటికప్పుడే తెమ్మన్నాడు. అవన్నీ ఇంటికొచ్చి మా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాను.

మాత్రను గుడ్డులో దాచిపెడితే గుడ్డు తిని మాత్ర ఉమ్మేసేది. కార్జం ముక్కలో పెడితే ముక్కను నాలుకతో తిప్పి తిప్పి మాత్రను పక్కకు నెట్టేది. చివరికి నోరు తెరిచి, నాలుక వెనక వేసి, మింగేదాకా గొంతు నిమరడం నేర్చుకున్నాను. దాని మొండితనానికి నా మొండితనం తీసిపోలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అది కూలరు ముందే పడుకుని రొప్పుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. మా ఆయన దాని పెదవి ఎత్తి చూసి నన్ను కేకేశాడు.

"చిగుళ్లు తెల్లగైనయ్. ఇది ఎండకు గాదు. నడువు జల్ది."

మా ఆయన మోటారుబండి మీద మా ఇద్దరి మధ్య దాన్ని ఒడిసి పట్టుకుని కూర్చున్నాను. దాని గుండె దడదడ నా చేతికి తగులుతూనే ఉంది. డాక్టరు మళ్లీ సూది వేసి, మాత్ర మోతాదు పెంచాడు. ఆ ఎండాకాలం గట్టెక్కింది.

ఇంకెన్నాళ్లుంటుందో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు. పొద్దుటి మాత్ర మా ఆయన వేస్తాడు, సాయంత్రపుది నేను వేస్తాను.