బోర్డు మీద మిగిలిన బిళ్ళ

సింగపూర్‌లో ఆ చివరి వారం నా కాళ్ళు నేల మీద నిలవలేదు. సర్దిన పెట్టెనే మళ్ళీ విప్పి సర్దడం, తూకం చూడడం, గదిలోవాళ్ళు నవ్వితే వాళ్ళ మీద కసురుకోవడం. అక్కడ మెట్రో సొరంగంలో ఏడాదికి పైగా పనిచేశాను. ఇటు హట్టిలో కూతురు పుట్టి ఎనిమిది నెలలైనా ఫోన్లో తప్ప చూడలేదు. మొదటి అన్నం ముద్ద తండ్రే పెట్టాలని నా భార్య పట్టుబట్టి, నేను దిగిన మర్నాటికే ముహూర్తం పెట్టించింది. ఆలస్యమైందని మా అమ్మ గొణిగినా వినలేదు.

హట్టి అంటే బంగారు గని. సింగపూర్ రాకముందు ఆరేళ్ళు నేనూ అందులో దిగినవాడినే. అక్కడ దిగేటప్పుడు బోర్డు మీది నుంచి మన నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసి జేబులో వేసుకుంటాం, పైకొచ్చాక మళ్ళీ తగిలిస్తాం. బిళ్ళ వేలాడుతోందంటే మనిషి క్షేమంగా వచ్చేసినట్టు. సింగపూర్ పద్ధతి తలకిందులు. దిగేటప్పుడు తగిలించాలి, పైకొచ్చాక తీసేయాలి. మొదటి నెలంతా తికమకపడి తమిళ మేస్త్రీతో చీవాట్లు తిన్నాను. తర్వాత చేతికి అలవాటైంది.

వీడ్కోళ్ళన్నీ ముందు రోజే బిర్యానీతో అయిపోయాయి. చివరి షిఫ్టు ముగియగానే అందరికంటే ముందు పైకొచ్చి బోర్డు వైపు చూశాను. నా బిళ్ళ వేలాడుతోంది. హమ్మయ్య అనుకుని ఒకటే పరుగు. మనసు అప్పటికే హట్టి చేరిపోయింది మరి!

విమానాశ్రయంలో వరసలో నిలబడి, పాపకు కొన్న గజ్జెలున్నాయో లేవోనని జేబు తడిమాను. గజ్జెలున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది బిళ్ళ. తీయకుండానే వచ్చేశాను. ఆ బోర్డు లెక్కన నేనింకా కిందే ఉన్నాను. మేస్త్రీకి ఫోన్ చేస్తే కలవలేదు. సొరంగంలో సిగ్నలుండదు. అంటే నన్ను వెతకడానికి ఆయన దిగాడన్నమాట. గదిలోవాళ్ళవి వేరే చోట పనులు, ఇక్కడివాళ్ళ నంబరు ఇంకేదీ నా దగ్గర లేదు. నా ముందు ఇంకా ముగ్గురే ఉన్నారు. బుద్ధిలేని వెధవా అని నన్ను నేనే తిట్టుకుంటూ పెట్టె లాక్కుని టాక్సీ ఎక్కాను.

అక్కడ పని ఆగిపోయి ఉంది. కింద ఎనిమిది మంది వెతుకుతున్నారు. నన్ను చూసి వాళ్ళను పైకి పిలిపించారు. మేస్త్రీ తల నుంచి కాళ్ళ దాకా బురదతో వచ్చి, కొట్టబోయి, నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. బిళ్ళ మాత్రం నా చేతే తీయించాడు. ఆలోగా విమానం వెళ్ళిపోయింది.

నా భార్య మా మేనమామ కూతురు. మామ ముప్పై ఏళ్ళు గనిలో దిగాడు. ముహూర్తం తప్పినందుకు తిట్లు తినడానికి సిద్ధపడే ఆమెకు ఫోన్ చేసి అంతా చెప్పాను. 

“నీ కోసం దిగినోళ్లందరు పైకొచ్చిండ్రా బావా?” అంది.

వచ్చారన్నాను.

“గట్లయితె నిమ్మళంగ రా. నువ్వొచ్చినంకనె బిడ్డకు ముద్ద.”