లీత్ అయ్యగారి నోట ఆగిన పేరు

గిల్బర్ట్ లీత్ అయ్యగారింట్లో నేను పనికి చేరేనాటికి ఆయనకు చర్చి లేదు. ఉన్నదాన్ని సైనికులు తగలబెట్టారు. ఎపిస్కోపల్ శాఖ క్రైస్తవులమైన మేం గద్దె పోయిన పాత స్టూవర్ట్ రాజుల పక్షమని జార్జి రాజు సర్కారుకు మామీద అంత కసి. ఇంటివాళ్ళు కాక నలుగురికి మించి ఒకచోట ప్రార్థనకు కూర్చుంటే పాదిరికి జైలు. అందుకని అయ్యగారు నడవలో నిలబడి చదివేవారు. ముందుగదిలో నలుగురు, వంటింట్లో నలుగురు, పశువుల కొట్టంలో నలుగురు, తలుపులన్నీ బార్లా తెరిచి. మా ఆవుకు బైబిలు మొత్తం నోటికి వచ్చేసిందని జాలర్లు నవ్వేవాళ్ళు. ఎవడో చాడీకోరు ఉప్పందిస్తే ఒక చలికాలమంతా ఆయన జైల్లో ఉండి, దగ్గును వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు.

ఆయన భార్య ఇసొబెల్ అమ్మగారు గట్టి మనిషి. ఓట్స్ జావ, ఉప్పు చేపలతో ముగ్గురు పిల్లల్ని పెంచి ఒడ్డెక్కించారు. ఆవిడ తమ్ముడు హ్యూ, మీసాలైనా సరిగ్గా రానివాడు, కలోడెన్ యుద్ధంలో స్టూవర్టుల తరఫున పోరాడి జార్జి సైన్యం చేతిలో చనిపోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో జార్జి అన్న మాట ఎవరూ పలకలేదు. ఆ పేరున్న కమ్మరిని కూడా అమ్మగారు 'ఓయ్' అనే పిలిచేవారు.

ఆదివారం ప్రార్థనలో అయ్యగారు పేరు చెప్పకుండా "మా రాజును కాపాడు" అని ఊరుకునేవారు. ఏ రాజునో దేవుడికి తెలుసు, మాకూ తెలుసు.

చివరికి మేం రాజనుకున్న స్టూవర్ట్ రాకుమారుడు పరదేశంలో ముసలివాడై చనిపోయాడు. ఇకమీదట జార్జి రాజు పేరుతోనే ప్రార్థించాలని మా పెద్దలు తేల్చారు. పలకలేని పాదిరి తప్పుకోవాలని మా బిషప్పు కబురు పెట్టారు. తప్పుకుంటే ఇల్లూ ఖాళీ చేయాలి. అప్పటికి అయ్యగారికి డెబ్బై దాటాయి.

"ఆ పేరు మీ నోట వచ్చిన రోజున లేచి వెళ్ళిపోతాను. మళ్ళీ మీ ముందు కూర్చోను," అన్నారు అమ్మగారు, రొట్టె తుంచుతూ.

"ఎక్కడికి పోతావే ఇసొబెల్?"

"సముద్రంలోకి."

"నీళ్ళు చల్లగా ఉంటాయే."

నాకు ఒళ్ళు మండింది. "ఇదా అయ్యగారూ నవ్వులాటకు సమయం?" అన్నాను.

"నోర్ముయ్యవే ఎల్స్‌పెత్!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

చేపలమ్మే మార్జరీ ఉపాయం చెప్పింది. "మీరు బెంగపడకండి అమ్మగారూ. ఆ పేరు రాగానే అందరం దగ్గేస్తాం. మీ చెవిన పడితే ఒట్టు!"

"వెధవ దగ్గులూ మీరూనూ," అన్నారు అమ్మగారు.

నలుగురి లెక్క చూసేవాళ్ళు అప్పటికి లేరు కనుక ఆదివారం అందరం ఒక ధాన్యపు కొట్టులో చేరాం. బిషప్పు పంపిన మనిషి ముందు వరసలో కూర్చున్నాడు. అయ్యగారు "నీ సేవకుడైన మా రాజు" దాకా వచ్చారు. తొందరపాటు మార్జరీ అప్పుడే దగ్గింది. ఆమె వెనకే ఊరంతా దగ్గింది. దగ్గులన్నీ అయిపోయాయి కానీ పేరు మాత్రం రాలేదు. అయ్యగారు అమ్మగారినే చూస్తున్నారు. బిషప్పు మనిషి తలెత్తాడు.

అమ్మగారు లేచారు. పోతున్నారనుకుని నేను కాళ్ళు పక్కకు తీసుకున్నాను. ఆవిడ కదల్లేదు.

"జార్జి," అన్నారు గట్టిగా. "అనండి. మా హ్యూ ఎటూ రాడు."

ఆయన అన్నారు. ఈసారి ఎవరూ దగ్గలేదు.

ఇంటికొచ్చాక అయ్యగారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "నీచేత అనిపించానే," అన్నారు.

"మీరే ముందు అనుంటే ఈ జన్మలో మిమ్మల్ని క్షమించలేకపోయేదాన్ని. అందుకే నేనన్నాను."

తర్వాత వంటింట్లోకి వచ్చి, తమ్ముడి పేరు పెట్టి పిలుస్తూ, నా ఎదుటే వెక్కివెక్కి ఏడ్చారు. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు. నేనూ ఏడ్చాను.