పాతర అంచు జొన్నరొట్టె

నా చిన్నప్పుడు మూతపడ్డ నా ముక్కును మా పెద్దమ్మ పసుపు పొగ పెట్టి తెరిపించిందని మా చుట్టాలలో ఒక కథ ఉంది. పెళ్లిళ్లలో చెప్తారు, పురుళ్లలో చెప్తారు, పెద్దమ్మ పోయిన పదకొండో రోజున కూడా చెప్పారు. నేను అక్కడే కూర్చుని విన్నాను. ఆ కథలో ముక్కు ఒక్కటే నిజం. మిగతాదంతా అబద్ధం. మరి ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావంటారా? ఎప్పుడు నోరు విప్పాలో నాకు నేర్పిన మనిషి వేరే ఉంది. వాళ్లు చెప్పే కథలో ఆమె ఎక్కడా లేదు.

పోలీసు చర్యకు ముందటి చలికాలం. నాకు తొమ్మిదేళ్లు. తుంగతుర్తి దగ్గరి మా ఊళ్లో రోజులు బాగా లేవు. భూములున్నవాళ్లు ఆడవాళ్లనూ పిల్లలనూ పట్నాలకు చేరవేస్తున్నారు. మా అమ్మ కాన్పుకని హాలియా దగ్గరి పుట్టింటికి పోయింది. మా నాయన నన్ను ఎడ్లబండిలో సూర్యాపేట తీసుకొచ్చి, వాళ్ల అన్నగారింట్లో దింపి వెనక్కి వెళ్లిపోయాడు. దారిలో మంచుకు జలుబు చేసింది. జలుబు తగ్గింది కానీ ముక్కు తెరుచుకోలేదు. వారం గడిచింది, పక్షం గడిచింది, నెల దాటింది. పగలంతా నోరు తెరుచుకునే తిరిగేదాన్ని. పెద్దమ్మ పిల్లలు నన్ను 'ఒడ్డున పడ్డ చేప' అని పిలిచేవాళ్లు.

మా పెద్దనాయన ముక్కు మాత్రం పేటలో పేరుమోసిన ముక్కు. వాళ్ల వాకిట్లో జొన్నల పాతర ఉండేది. మనిషి లోతుకు మించి గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన మట్టి కప్పేసేవాళ్లు. తీసినప్పుడు నడిమి జొన్నలు తెల్లగా ఉండేవి. గోడలకు ఆనుకున్న అంచు జొన్నలు చెమ్మ పట్టి, నల్లబడి, కంపు కొట్టేవి. పెద్దనాయన పాతర పక్కన మంచం వాల్చుకుని కూర్చునేవాడు. దోసిట్లో పోసిన గింజలను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకునే చెప్పేవాడు, ఇవి నడిమివి, ఇవి తూర్పు అంచువి, ఇవి అడుగువి అని. ఒక్కసారి తప్పితే ఒట్టు. నడిమివి ఇంటికి, అంచువి జీతగాళ్లకు. ఆ పద్ధతి తప్పని అప్పట్లో ఎవరికీ అనిపించలేదు, ఆ జొన్నలు తినేవాళ్లకు తప్ప.

పెద్దమ్మకు నా ముక్కు ఇంటికి నలుగురు వచ్చినప్పుడే గుర్తొచ్చేది. పసుపుకొమ్మును దీపానికి కాల్చి, ఆ పొగ పీల్చమని నా తల పట్టుకుని వంచేది. ఒకసారి ముక్కు కొసన బొబ్బ లేచింది. వేయించిన ఓమను గుడ్డలో మూటకట్టి నుదుటికి కాపేది, నడినెత్తిన ఆముదం అద్దేది, మిరియాల పాలు తాగించేది. చూసినవాళ్లు "కన్నతల్లి గూడ ఇంత చెయ్యదు" అనుకుంటూ పోయేవాళ్లు. వాళ్లు గడప దాటగానే పసుపుకొమ్ము గూట్లోకి పోయేది, నేను గింజల అర్రలోకి పోయేదాన్ని. అంచు జొన్నలు కుప్పపోసిన ఆ అర్రలోనే నా పడక.

ఆ ఇంటికి పొద్దున్నే చల్ల పోసే అవ్వ ఒకామె వచ్చేది. వాళ్లకు గొర్ల మంద, నాలుగు ఆవులు ఉండేవి. ఆమె కొడుకు పెద్దనాయన దగ్గరే జీతం ఉన్నాడు. ఒకనాడు నేను బంతిలో తినగా మిగిలిన రొట్టెను వెనక గడప మీద కూర్చుని ఎల్లిపాయ కారంలో అద్దుకుని తింటున్నాను. అవ్వ చల్లకుండ దించి, ముక్కు చిట్లించి, నా చేతిలోని రొట్టె తీసుకుని వాసన చూసింది.

"గిది నీకెవలు వెట్టిన్రు బిడ్డా?"

"పెద్దమ్మ."

"దినాం గిదేనా?"

"ఊఁ. నా బుట్ట వేరే."

"గిది అంచు జొన్న. నా కొడుకు మూటగట్టుకొచ్చేది గిదే. నలభై ఏండ్ల సంది తింటున్న, నాకు తెల్వదా? వాసన తెల్వని పోరికి మంచి జొన్నలు దండుగ అనుకున్నరు."

మొదట నమ్మలేదు. తర్వాత ఒళ్లంతా మండింది. అప్పటిదాకా ఆ బుట్ట వేరేగా ఉంటే నాకోసం ప్రత్యేకంగా పెట్టారనే మురిసిపోయాను. దిగ్గున లేచి లోపలికి పోబోతే అవ్వ నా లంగా పట్టుకుని లాగింది.

"యాడికి? వాసన తెల్వనిదానివి, నీ మాట ఎవలింటరు? ముందు ముక్కు తెరిపిచ్చుకో. నోరు తర్వాత."

రోజూ సాయంత్రం ఆడుకునే వేళకు వాళ్లింటికి రమ్మంది. ముందుగా ఆ అర్రలో పడుకోవడం మానమంది. "ముక్కిన గింజల దుమ్ము దినాం లోపటికి వోతుంటే ఏ మందు పని చేస్తది?" అని ఆమె ప్రశ్న. కాళ్లను ఎలుకలు కొరుకుతున్నాయని పెద్దమ్మకు చెప్పి నా చాప వసారాలోకి మార్చుకున్నాను. సాయంత్రాలు అవ్వ కుండనిండా వావిలాకు వేసి మరిగించేది. నన్ను కుండ ముందు కూర్చోబెట్టి పైన గొంగడి కప్పేది. లోపల చీకటి, ఆవిరి, కళ్లలో నీళ్లు. బయటినుంచి అవ్వ మాట. "జర ఓర్సుకో. పగ ఉన్నదా లేదా? ఉంటే ఓర్సుకో." ఐదోనాడు కుడి ముక్కు తెరుచుకుంది, మర్నాడు ఎడమది. నాకు తగిలిన మొదటి వాసన ఆ గొంగడిదే, గొర్రెబొచ్చు వాసన. అంత మంచి అత్తరు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మర్నాడు పొద్దున నా బుట్టమీది గుడ్డ తీశాను. తడిసి మురిగిన గోనెసంచీని ఎండబెట్టకుండా మడిచి పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. రెండు నెలలుగా నేను తిన్నది అది. వాంతి చేసుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె ఓదార్చలేదు. "నీ ముక్కు తెరుసుకున్న సంగతి ఎవలకూ చెప్పకు. నోరు తెరుసుకునే తిరుగు. అదును వస్తది" అంది.

పది రోజులు అలాగే తిరిగాను. నా రొట్టెలు దూడకు వేసి, అవ్వ పోసిన చల్ల తాగి కడుపు నింపుకున్నాను. చేప చేప అని పిల్లలు వెక్కిరిస్తే ఇంకాస్త నోరు తెరిచేదాన్ని. రెండో బుట్టలోని తెల్లటి రొట్టెల కమ్మటి వాసన వంటింటి గడపలోనే తగులుతుంటే గుటకలు మింగేదాన్ని.

అదును మిర్యాలగూడెం నుంచి వచ్చింది. పెద్దమ్మ అన్న, ఆయన భార్య బండి దిగారు. ఆ వదినెగారంటే పెద్దమ్మకు లోపల వణుకు, పైకి గొప్పలు. వాళ్లు కాళ్లు కడుక్కునేలోపే పసుపుకొమ్ము బయటికొచ్చింది. నా తల వంచింది, పొగ పెట్టింది, "తల్లి దగ్గర లేకపాయె, నేను గాక ఎవలు సూస్తరు?" అని కళ్లొత్తుకుంది. నేను నోరు తెరుచుకుని చక్కగా దగ్గాను.

పొద్దటి పూట మా ఇళ్లలో చుట్టాలకైనా జొన్నరొట్టెలే. ఆ రోజు కోడికూర కూడా. సొంతవాళ్లేనని అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి, పెద్దమ్మ కూర వడ్డిస్తూ నన్ను రొట్టెలు తెమ్మంది. వంటింట్లో రెండు బుట్టలున్నాయి. నేను నా బుట్టలోవి తీసి ఇత్తడి పళ్లెంలో పేర్చుకున్నాను. ముందు వదినెగారికి వేశాను, తర్వాత అన్నగారికి, చివర పెద్దనాయనకు.

వదినెగారు ఒక ముక్క తుంచి నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. "ఏంది వదినా, మీ పేటల జొన్నలు గిట్లుంటయా? మా గూడెంల గొడ్లకు గూడ గివి వెయ్యం."

పెద్దమ్మ మొహం పాలిపోయింది. "ఏ బుట్టలియి తెచ్చినవే?"

"నా బుట్టలియే పెద్దమ్మా. దినాం నువ్వు నాకు వెట్టేటియే. మంచిగ లేవా? నాకు వాసన తెల్వదుగద."

ఆ చివరి మాటను పది రోజులు సాధన చేశాను. వదినెగారు రొట్టె ముక్కను విస్తరి అవతల పెట్టి, "నీకు బుట్ట వేరేనా బిడ్డా?" అని నన్ను అడుగుతూ పెద్దమ్మను చూసింది. పెద్దమ్మ నన్ను కొట్టలేదు. కొడితే ఎందుకు కొట్టిందో చెప్పాలి కదా. పెద్దనాయన మాత్రం తలెత్తలేదు. తన విస్తట్లో వేసిన అంచు రొట్టెను తుంచుకుని, తుంచుకుని, మొత్తం తినేశాడు.

ఆ పూట నుంచి నా బుట్ట మాయమైంది. నాకూ తెల్లటి రొట్టెలే వచ్చాయి. వారం తర్వాత, కూరలో పోపు మాడిందని నేను పైకే అన్నాను. అంతే, తన పసుపు పొగ పనిచేసిందని పెద్దమ్మ వీధంతా చాటింది. ఊరుకున్నాను. ఆ పూట ఆమె మొహం నేను చూశాను, నాకది చాలు. ఆ సంతోషం ఇప్పటికీ ఉంది, దాచను. చదువుకున్నదానివి, క్షమించరాదా అని మా చెల్లెలు అంటుంది. ఆ రొట్టె తిన్నది నేను, చెల్లెలు కాదు.

బంతిలో జరిగిందంతా అభినయించి చూపిస్తే అవ్వ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత చల్లకుండ నెత్తికెత్తుకుంటూ, "నీ రొట్టె మారింది బిడ్డా. మా రొట్టె మారలే" అని వెళ్లిపోయింది. అందుకే ఇప్పుడు ఏ పెళ్లికి పోయినా వంటశాల వెనక పనివాళ్ల బంతి దగ్గరికి పోయి, వాళ్ల విస్తట్లో ఏం పడిందో వాసన చూసిగానీ నేను కూర్చోను. తేడా ఉంటే అక్కడే అడుగుతాను. గయ్యాళి అన్న పేరు నాకు అలా వచ్చిందే.

ఇప్పుడు పెద్దనాయన కోదాడలో కొడుకు దగ్గర ఉన్నాడు. ఎనభై దాటాయి. రెండు నెలలుగా ముక్కు మూతపడి, తిండి రుచి తెలియక చిక్కిపోయాడు. "మా అమ్మ నీకు పెట్టిన పసుపు పొగ నాయనకూ పెట్టిపో అక్కా" అని కొడుకు కబురు పంపాడు. నేను వావిలాకు తీసుకుని వెళ్లాను. గొంగడి కప్పాను. నాలుగోనాడు గొంగడి తీయగానే ఆయన గట్టిగా ఊపిరి పీల్చి, "వావిలాకు" అన్నాడు. ముక్కు తెరుచుకుంది. అవ్వ చెప్పిన వరసలో ఇక మిగిలింది నోరే. సూర్యాపేటలో ఉన్నన్నాళ్లూ బంతిలో ఆయన పక్క పీట నాదే. కొడుకు లోపలికి రావడంతో గొంగడి మడిచి లేచాను కానీ, ఆ ప్రశ్న ఇంకా నా నాలుక మీదే ఉంది.

గింజ వాసన సూసి పాతర మూల చెప్పేటోడివి గద పెద్దనాయనా, నీ పక్క పీట మీది పిల్ల చేతిల రొట్టె వాసన ఆ రెండు నెలలు నీకు రాలేదా?