అటక మీది బొంత

ఈ పొద్దున మా అపార్ట్‌మెంట్ డక్ట్‌లోకి ఉడుతలు రాకుండా జాలీ బిగిస్తుంటే, దూదీ పీచూ కలిసిన గూడొకటి కింద పడింది. దాన్ని దాటి నడవలేకపోయాను.

అమీర్‌పేట పాత దోస్తులారా, మన సందుల్లోని పెంకుటిళ్లు గుర్తున్నాయా? జామకొమ్మ మీంచి ఉడుతలు తిన్నగా మా అటక మీదికి దూకేవి. టైలరింగ్ చేసే మా నాన్న పెంకుల మధ్య గుడ్డలు కుక్కినా, రేకుముక్క అడ్డం పెట్టినా, ఇంకో పెంకు కిందనుంచి దూరేవి. ఒకరోజు విసుగొచ్చి, సిమెంటు కలుపుకుని నిచ్చెనెక్కాడు.

"గూడు దొరికింది, తీసేస్తున్న!" అంటూ పిడికెడు పీచు కిందికి వేశాడు.

అందులోని గులాబీరంగు గుడ్డముక్కను అమ్మ గుర్తుపట్టింది. పుట్టిన నెలకే పోయిన మా తమ్ముడికి, దుకాణంలో మిగిలిన ముక్కలతో తను కుట్టిన బొంతలోది అది. ఆ బొంతను ఎవరికీ చెప్పకుండా అటక మీద దాచుకుంది. ఉడుత దాన్నే చింపి గూడు కట్టుకుంది.

"పిల్లలున్నయా?" అని అడిగింది అమ్మ.

"ఉన్నయి. కండ్లు సుత తెరవలే."

"అయితే ఉండనియ్యుండ్రి. నేను కుట్టింది పిల్లల కోసమే గద."

నాన్న ఆ పీచు తీసుకెళ్లి మళ్లీ గూట్లో పెట్టాడు. కలిపిన సిమెంటు తట్టలోనే గడ్డకట్టింది.

ఏళ్ల తర్వాత ఫ్లాట్ల కోసం ఆ ఇల్లు కూల్చేముందు, సామానంతా బండెక్కాక అమ్మ వాకిట్లో ఆగిపోయింది.

"అటక మీద జర చూసిండ్రా?"

నాన్న బండి మీంచి నిచ్చెన దింపి వేశాడు. చాలాసేపటికి దిగాడు.

"ఎవ్వరు లేరు, పద" అన్నాడు.

అమ్మ కదల్లేదు.