మునసబు గారి మీసం, మా మాస్కు

నరసరావుపేటలో చర్చివాళ్లు నడిపే వృద్ధాశ్రమంలో నా మొదటి ఉద్యోగం. ఆక్సిజన్ సిలిండర్లు మార్చడం, మాస్కులు కడగడం, నీళ్ల సీసాలో బుడగలు వస్తున్నాయో లేదో చూడటం. ఊపిరి సలపని పనేమీ కాదు. ఊపిరి సలిపించే పని.

అక్కడ మాజీ మునసబు గారొకరు ఉండేవారు. సర్కారు మునసబు ఉద్యోగాలు ఎత్తేశాక ఆయనకు మిగిలిన అధికారమల్లా మీసమే. రోజూ దానికి ఆముదం పట్టించి పైకి తిప్పేవారు. నిద్రపోతే గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆపేసేవారు. పక్కమంచం ఆయన లేచి కుదిపితే మళ్లీ మొదలు. గురకకన్నా గురక ఆగితేనే వార్డంతా భయపడేది.

పడుకునేటప్పుడు ఆక్సిజన్ పెట్టమన్నారు డాక్టరు గారు. పెట్టబోతే నల్ల రబ్బరు మాస్కు మీసం మీద సరిగా ఆనక గాలంతా పక్కలకు పోయింది. పైగా ఆక్సిజన్ దగ్గర నూనె ఉంటే భగ్గుమంటుందని సిలిండర్లు తెచ్చే మనిషి ముందే హెచ్చరించాడు.

"పెదనాయనా, మీసం తియ్యాలి," అన్నాను.

ఆయన నా పైపెదవి వంక చూశారు. అక్కడున్నదాన్ని మీసమని నేను తప్ప ఇంకెవరూ అనలేదు.

"లేనోడు చెప్తే ఉన్నోడు ఇనాలా? పోరా."

సున్నిపిండితో కడిగించాను. నూనె వదిలింది, మీసం వదల్లేదు. మాస్కు పట్టీ బిగించాను. చెవులు ఎర్రబడ్డాయి, గాలి తన దారిన తాను పోయింది.

ఒక మధ్యాహ్నం కునుకులో ఆయన ఊపిరి ఎంతకీ తిరిగి రాలేదు. పక్కమంచం ఆయనా నేనూ పట్టి కుదిపితే కళ్లు తెరిచారు. పెదాలు నీలంగా ఉన్నాయి. వంటామె గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏంది మామా, మీసం ఊపిరి పీలుస్తదా? నువ్వు పోయినాక దాన్ని తిప్పేదెవురు?"

ఆయన సాయంత్రం మంగలిని తానే పిలిపించారు. పనయ్యాక అద్దం అడగలేదు. మాస్కు చక్కగా కూర్చుంది. పక్కమంచం ఆయన చానాళ్లకు కంటినిండా నిద్రపోయాడు.

ఆదివారం మునసబు గారి ఊరివాళ్లు చూడవచ్చారు. గేటు దగ్గర గొంతులు వినగానే ఆయన, "ఒరేయ్, మాస్కు తే," అన్నారు.

"మేలుకునే ఉన్నారుగా పెదనాయనా, ఆక్సిజన్ ఎందుకు?"

"ఆక్సిజన్ ఎవుడడిగాడు? మాస్కు తెమ్మన్నా."

గొట్టం తగిలించకుండా మాస్కు పెట్టాను. వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన నల్ల రబ్బరు వెనకనుంచి మిరప తోటల గురించి, కాలవ నీళ్ల గురించి వాళ్లను నిలదీశారు. వాళ్లు వెళ్లేదాకా నేను, ముల్లు సున్నా దగ్గరున్న సిలిండరు మీటరును శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను.