రిన్స్కె పట్టిన ఆవిరి

ఆఫ్కె వయసంతా ఫ్రీస్లాండ్ కాలువ మీద వంతెన లేపడంలో, దించడంలో గడిచిపోయింది. పడవ వస్తే చక్రం తిప్పి వంతెన లేపేది, సుంకం కోసం గేలపు కర్రకు చెక్క చెప్పు కట్టి కిందికి వదిలేది. ఒకసారి ఎవడో కొంటె పడవవాడు అందులో నాణేనికి బదులు బతికున్న పీతను వేశాడు. అది చూసి ఆఫ్కె పడీపడీ నవ్వుతూ వంతెన దించడం మరిచిపోయిందనీ, రెండు గట్ల మీదా సైకిళ్ళు బారులు తీరాయనీ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషికి ఆ చక్రం పుణ్యమా అని కీళ్ళవాతం పట్టుకుంది. ఉద్యోగం అయిపోయినందుకు ఆమె బాధపడలేదు గాని, ప్రాణంగా వాయించుకునే అకార్డియన్ వాద్యం మెట్లు నొక్కడానికి వేళ్ళు లేవకపోయేసరికి బెంగ పెట్టుకుంది. నొప్పికి డాక్టరు గంజాయి రాసిచ్చాడు, అక్కడ అది మందుల షాపులోనే దొరుకుతుంది. పొగ తాగబోతే దగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. అందుకని ఒక కరెంటు యంత్రం కొనుక్కుంది. అది ఆకును కాల్చదు, వేడి మాత్రం చేస్తుంది. పైన తగిలించిన పల్చటి సంచి ఆవిరితో మెల్లగా ఉబ్బుతుంది. దాని మూతి నోట్లో పెట్టుకుని పీల్చుకోవడమే. కాసేపటికి వేళ్ళు విచ్చుకునేవి, వాటితోపాటు నోరూ విచ్చుకునేది. అప్పుడు పిల్లి తుమ్మినా ఆఫ్కెకు నవ్వే.

ఈ సంగతి తెలియకూడని మనిషి ఒక్కతే ఉంది. ఆమె అక్క రిన్స్కె. ఆదివారం బట్టలు ఆరేస్తే కూడా తప్పుపట్టే చర్చి మనిషి. కాఫీతో బిస్కెట్ ఒక్కటే తినాలి, వెంటనే డబ్బా మూత పడిపోవాలి. ఎవరింటికి వెళ్ళినా ఆ మూత టపీమని మూసేది ఆమే. భర్త పోయాక ఎవరింటికీ వెళ్ళడం మానేసింది. అలాంటిది ఈసారి చెల్లెలి పుట్టినరోజుకు వస్తానంది. నాన్న వాయించే వాల్ట్జ్ నాట్యపు పాట ఒక్కసారి వాయిస్తావా అని ఫోనులో అడిగింది కూడా. ఆవిరి పీల్చకపోతే వాయించడం ఆఫ్కె వల్ల కాదు. పీల్చినట్టు తెలిస్తే అక్క మళ్ళీ గడప తొక్కదు. తోబుట్టువుల్లో ఆమె ఒక్కతే మిగిలింది.

అక్క రాకముందే పని కానిచ్చి కిటికీలు తెరిచేయాలని ఆఫ్కె అనుకుంది. సంచి నిండిందో లేదో గంట మోగింది. రిన్స్కె ముందు బస్సుకే వచ్చేసింది. ఆఫ్కె యంత్రాన్నీ సంచినీ వెనక గదిలోనే వదిలేసి తలుపు తీసింది. అదృష్టం కొద్దీ అక్కకు జలుబు, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. పుట్టినరోజున ఇంటివాళ్ళంతా ఒకరినొకరు అభినందించుకోవడం అక్కడి ఆచారం, అలాగే అభినందించుకున్నారు. ఆఫ్కె హమ్మయ్య అనుకుంటూ కాఫీ పెట్టడానికి వెళ్ళింది.

ట్రే పట్టుకుని తిరిగొచ్చేసరికి ముందు గదిలో అక్క లేదు. వెనక గదిలో, తల మీద తువ్వాలు కప్పుకుని, దర్జాగా కుర్చీలో కూర్చుని ఉంది. జలుబు చేస్తే గిన్నెడు వేడినీళ్ళలో చామంతి వేసి ఆవిరి పట్టడం ఆ ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఉన్నదే. ఫోనులో తన గొంతు విని జలుబని పోల్చుకుని చెల్లెలు కొత్త యంత్రం సిద్ధం చేసిందని ఆమె నమ్మకం. సంచి చదునైపోయింది.

"చామంతి పాతదైనట్టుందే. రుచి బాలేదు" అంది తువ్వాలు లోంచి.

ఆఫ్కె అబద్ధం ఆడదామనుకుంది గాని నోరు రాలేదు.

"అక్కా, అది చామంతి కాదు" అంది. ఇక దాచలేదు. డాక్టరు, ఆకు, వేళ్ళు, భయం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

తువ్వాలు కింద భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆఫ్కె భయంభయంగా తువ్వాలు తీసింది. రిన్స్కె నవ్వుతోంది. కళ్ళనీళ్ళు కారుతుంటే, కట్టుడుపళ్ళు చేత్తో పట్టుకుని మరీ నవ్వుతోంది. బావ పోయాక ఆ నవ్వు చూడటం ఆఫ్కెకు అదే మొదలు. ఆమెకూ నవ్వాగలేదు.

"రేపు కోప్పడతాను. మర్చిపోతానేమో, ఫోన్ చేసి గుర్తు చెయ్యి" అంది రిన్స్కె ఎట్టకేలకు. తర్వాత చెల్లెలి వంకర వేళ్ళు చేతుల్లోకి తీసుకుని చూసింది. నీకేం మిగల్చలేదు కదే అంటూ మీట ఎక్కడుందో అడిగి తనే నొక్కింది.

ఆ సాయంత్రం నాన్న వాల్ట్జ్ తప్పుల తడకగా, జోరుగా మోగింది. రిన్స్కె బూట్లు విడిచి, మేజోళ్ళతోనే గది చుట్టూ నాట్యమాడుతూ తిరిగింది. మధ్యలో ఆఫ్కె అక్క పద్ధతి గుర్తొచ్చి బిస్కెట్ల డబ్బా మూయబోతే, డబ్బా లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు అక్క చెప్పినట్టే ఆఫ్కె ఫోను చేసింది.

"కోపం అలాగే ఉంది" అంది రిన్స్కె. "ఇలాంటివి ఫోనులో తేలవు. ఆదివారం చర్చి అవగానే వచ్చి ఎదురుగా కోప్పడతాను. బిస్కెట్లు పెద్ద డబ్బా తెచ్చిపెట్టు."